మందు పేరు చేరింది, షరతు చేరలేదు

2020 జూన్ 16న బ్రిటన్ నుంచి ఒక మంచి కబురు వచ్చింది. కొవిడ్ ముదిరి ఆక్సిజన్ మీద, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే మరణాలు తగ్గుతున్నాయని ‘రికవరీ’ అనే పెద్ద పరిశోధన తేల్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు మరణాలు తగ్గాయి. అదేమీ కొత్త మందు కాదు, ఖరీదైనదీ కాదు. వీధి చివర మెడికల్ షాపులో కొద్ది రూపాయలకు దొరికేదే. పదకొండు రోజులు తిరగకుండానే, జూన్ 27న, కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని కొవిడ్ చికిత్సా విధానంలో చేర్చింది.

ఆ కబురులో రెండో సగం కూడా ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఈ మందు వల్ల మేలు కనబడలేదు, కీడు జరగవచ్చన్న సూచన కూడా ఉంది. డోసు రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించి వద్దు. ఈ సగం మొదటి సగమంత వేగంగా ప్రయాణించలేదు.

ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి మ్యుకర్‌మైకోసిస్ రోగులతో నిండిపోయింది. జనం నోట అది బ్లాక్ ఫంగస్. ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు పాకే ఆ జబ్బుకు తెలంగాణ ప్రభుత్వం ఆ ఆసుపత్రినే ప్రధాన కేంద్రంగా పెట్టింది. ప్రతి కేసూ సర్కారుకు తెలియజేయాలని ఆదేశించింది. ఒక్క స్టెరాయిడ్ వల్లే ఇదంతా జరిగిందనడం సరికాదు. అదుపు తప్పిన షుగర్ ఉంది, వైరస్ చేసిన నష్టం ఉంది. అయినా అవసరం లేనివాళ్లకు, మరీ ముందుగా, ఎక్కువ డోసులో, ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్లు ఈ కేసులు పెరగడానికి ఒక ముఖ్య కారణమని వైద్య నిపుణులు అప్పుడే గట్టిగా చెప్పారు.

తప్పు ఎవరిదని వెతకడం కన్నా, ఆ షరతు దారిలో ఎక్కడ జారిపోయిందో చూడటం ముఖ్యం. ఎందుకంటే ఆ మందు రాసిన డాక్టర్లలో చాలామంది నిర్లక్ష్యపరులు కారు. రోజుకు వందమందిని చూస్తూ, ఫోన్లో మరో వందమందికి జవాబు చెబుతూ, ఎలాగైనా మనిషిని కాపాడాలని చూసినవాళ్లు. వాళ్ల చేతికి మందు పేరు చేరింది. ఎప్పుడు ఇవ్వకూడదో చెప్పే మాట చేరలేదు. చేరినా, దాన్ని ఆగి చదివే తీరిక వాళ్లకు మిగల్లేదు.

ఆ రెండేళ్లలో డాక్టర్లకు సమాచారం తక్కువైందని అనలేం. పొర్లి పొంగింది. 2020 మార్చిలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కొవిడ్ వార్డుల్లో పనిచేసే సిబ్బందిని ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోమంది. దాంతో మందుల షాపుల్లో ఆ బిళ్లలు దొరక్కుండా పోయాయి. లూపస్, కీళ్లవాతం ఉండి రోజూ ఆ మందు మీదే ఆధారపడ్డవాళ్లు షాపుల చుట్టూ తిరిగారు. మే 22న ఒక పేరున్న వైద్య పత్రిక ఆ మందు ప్రమాదకరమంటూ పరిశోధన అచ్చేసింది. మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షల్లో ఆ మందును నిలిపివేసింది. జూన్ 3న మళ్లీ మొదలుపెట్టింది. జూన్ 4న ఆ పరిశోధన లెక్కలే నమ్మదగినవి కావని వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. చివరికి 2021 మార్చిలో, ముందుజాగ్రత్తకు ఆ మందు వద్దేవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒక్క బిళ్ల మీదే ఇన్ని మలుపులు. ఇలాంటివి కోలుకున్నవాళ్ల రక్తం నుంచి తీసి ఎక్కించే ప్లాస్మా మీద, రెమ్‌డెసివిర్ మీద, ర్యాపిడ్ యాంటీబాడీ కిట్ల మీద, మాస్కుల మీద కూడా నడిచాయి.

సైన్సు మారడం తప్పు కాదు. కొత్త జబ్బు విషయంలో నిన్నటి మాట ఇవాళ మారడమే నిజాయతీ. అసలు చిక్కు ఆ మార్పును చేరవేసిన పద్ధతిలో ఉంది. పాత సర్క్యులర్ స్థానంలో కొత్త సర్క్యులర్ వచ్చేది. పేజీలకు పేజీలు. ఏ వాక్యం మారిందో, ఎందుకు మారిందో చెప్పే చిన్న గీత కూడా ఉండేది కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని పోల్చుకోవాల్సిన పని, రాత్రి డ్యూటీ దిగి స్నానం చేసి నాలుగు మెతుకులు తినబోతున్న పీజీ డాక్టరు నెత్తిన పడేది. అతను ఆ పని చేయడు, చేయలేడు. సీనియర్ వాట్సాప్‌లో పెట్టిన ఫోటో ప్రిస్క్రిప్షన్ చూస్తాడు. అందులో మందుల పేర్లుంటాయి, షరతులుండవు.

మేలైన నోటీసు ఎలా ఉండాలో ఊహించుకోవడం కష్టం కాదు. ఒకటే పేజీ. పైన తేదీ. మొదటి వాక్యంలోనే “నిన్నటిదాకా ఇలా చెప్పాం, ఇవాళ్టి నుంచి ఇలా” అన్న మాట. దాని కింద, ఈ విషయం మాకు గట్టిగా తెలుసా, లేక అంచనాయా అన్న మాట. ఎవరికి ఇవ్వకూడదో చెప్పే వాక్యం, ఎవరికి ఇవ్వాలో చెప్పే వాక్యం కంటే ముందు ఉండాలి. చివర్లో సందేహం వస్తే ఫోన్ ఎత్తే ఒక మనిషి నంబరు. ఎవరూ ఎత్తని ల్యాండ్‌లైన్ నంబరు వేసి ఊరుకుంటే లాభం లేదు.

ఇందులో అందరికన్నా కష్టమైన పని ‘మాకు తెలియదు’ అని రాయడం. ప్రభుత్వ కాగితానికి ఆ అలవాటు లేదు. ఉదాహరణకు ఎన్95 మాస్కులు. 2020 మొదట్లో వార్డులో పనిచేసే చాలామందికి మామూలు మూడు పొరల మాస్కు చాలని, ఎన్95 కొన్ని పనులకే కావాలని చెప్పారు. అప్పటికి కిట్లకు కొరత. ఆ మాట విన్న హౌస్ సర్జన్‌కు వచ్చే మొదటి సందేహం ఒకటే: అవసరం లేక చెబుతున్నారా, స్టాకు లేక చెబుతున్నారా? వైరస్ గాల్లో తేలుతూ కూడా సోకుతుందని 2020 జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశాక ఆ సందేహం ఇంకా ముదిరింది. “ఎన్95 మంచిదే, కానీ మన దగ్గర ఇన్నే ఉన్నాయి, అందుకే ఐసీయూకు ముందు ఇస్తున్నాం, వచ్చే వారం ఇన్ని వస్తాయి” అని చెప్పి ఉంటే కోపం వచ్చేది, కానీ నమ్మకం పోయేది కాదు. కొరతను సైన్సులా చెప్పిన రోజున, ఆ తర్వాత వచ్చే నిజమైన సైన్సును కూడా డాక్టరు అనుమానంగానే చదువుతాడు.

ప్లాస్మా కథలో నష్టం ఇంకో రకం. ఐసీఎంఆర్ స్వయంగా 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద చేసిన ‘ప్లాసిడ్’ పరిశోధన, ప్లాస్మా ఎక్కించడం వల్ల మరణాలు తగ్గడం లేదని తేల్చింది. ఆ ఫలితం 2020 అక్టోబరులో అచ్చయింది. చికిత్సా విధానం నుంచి ప్లాస్మాను తీసేసింది మాత్రం 2021 మే 17న. మధ్యలో ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ, రెండో వేవ్ ఉధృతంతో సహా, “ఏబీ పాజిటివ్ ప్లాస్మా అర్జెంటు” అంటూ మెసేజీలు తిరుగుతూనే ఉన్నాయి. 2020 వేసవి నుంచే సైబరాబాద్ పోలీసులు మంచి మనసుతో దాతల కోసం ప్రచారం చేశారు. కోలుకున్నవాళ్లు ముందుకొచ్చారు. వాళ్ల మనసును తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ ఫలితం తెలిసిన డాక్టరు పరిస్థితి చూడండి. రోగి కొడుకు ఊరంతా తిరిగి దాతను వెతికి తెచ్చాడు. ఇది పనిచేయదని చెబితే, “సర్కారు పుస్తకంలోనే ఉంది కదా సార్” అంటాడు. ఆ మాటకు జవాబు లేదు. కాగితం ఆలస్యమైన ప్రతి రోజూ ఆ బరువును ఒంటరిగా మోసింది డాక్టరే.

సమాచారం పైనుంచి కిందికే రావాలని కూడా లేదు. అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ‘ఎకో’ పద్ధతి ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. కాలేయ జబ్బు హెపటైటిస్ సి కి మందు ఇవ్వగల నిపుణులు పట్నంలో ఉన్నారు, రోగులు మారుమూల ఊళ్లలో ఉన్నారు. ఆయన రోగులను పట్నానికి రప్పించలేదు. ఊరి డాక్టర్లను వారానికోసారి వీడియోలో కూర్చోబెట్టి, వాళ్ల కేసులు వాళ్ల చేతే చెప్పించి, అందరితో కలిసి చర్చించాడు. ఆ ఊరి డాక్టర్ల వైద్యం పెద్దాసుపత్రి వైద్యానికి తీసిపోలేదని 2011లో వచ్చిన పరిశోధన చూపించింది. కొవిడ్ సమయంలో మన దగ్గరా ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. 2020 మార్చి చివర్లోనే ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోని డాక్టర్లు ఫోన్ చేసి సలహా అడగడానికి ఒక కేంద్రం తెరిచారు. జులై నుంచి ఐసీయూ డాక్టర్లతో వీడియో చర్చలు నడిపారు. మంచి పని. అయితే హైదరాబాద్ లాంటి నగరంలో ఇంకో మెట్టు కిందికి దిగాలి.

ఇక్కడ వైద్యమంటే గాంధీ, ఉస్మానియా, నిమ్స్, కార్పొరేట్ ఆసుపత్రులు మాత్రమే కాదు. మలక్‌పేటలో, బోరబండలో, కుషాయిగూడలో ఒక షట్టరు గదిలో ఇరవై ఏళ్లుగా కూర్చున్న ఎంబీబీఎస్ డాక్టరు ఉన్నాడు. జ్వరం వస్తే బస్తీ ముందు వెళ్లేది ఆయన దగ్గరికే. ఆ పక్కనే 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలున్నాయి. స్టెరాయిడ్ ఎప్పుడు మొదలుపెట్టాలన్న నిర్ణయం ఎక్కువసార్లు జరిగింది ఇలాంటి గదుల్లోనే, పెద్దాసుపత్రి గేటు దాకా రాకముందే. పెద్దాసుపత్రిలో యూనిట్ చీఫ్ ఉంటారు, రౌండ్స్ ఉంటాయి, తప్పు రాస్తే పక్కవాడు సరిదిద్దుతాడు. షట్టరు గదిలో డాక్టరుకు ఉన్నది తన జ్ఞాపకం, ఫోన్, మందుల కంపెనీ ప్రతినిధి చెప్పే మాట. పైనుంచి వచ్చే సర్క్యులర్‌కు ఆయన అడ్రసే తెలియదు. కాబట్టి బ్లాక్ ఫంగస్ గురించి హెచ్చరిక చివరగా చేరిందీ ఆయనకే, చేరాల్సింది అందరికన్నా ముందూ ఆయనకే.

ఇన్సూరెన్సు విషయంలోనూ అంతే జరిగింది. కొవిడ్ డ్యూటీలో చనిపోయిన ఆరోగ్య సిబ్బంది కుటుంబాలకు కేంద్రం 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. ప్రైవేటు డాక్టర్ల సంగతి వచ్చేసరికి, ప్రభుత్వం పిలిచి డ్యూటీ వేసినవాళ్లకే అన్న షరతు అడ్డొచ్చింది. క్లినిక్ మూయకుండా, వచ్చిన జ్వరాన్నల్లా చూసి, దాంతోనే పోయినవాళ్ల కుటుంబాలు దేశంలో పలుచోట్ల కోర్టుల దాకా వెళ్లాల్సి వచ్చింది. భారత వైద్య సంఘం లెక్క ప్రకారం రెండు వేవ్‌లలో ఒక్కోదానిలో 700 మందికి పైగా డాక్టర్లు చనిపోయారు. కాపాడతామని చెప్పిన మాటలో ఎవరెవరు ఉన్నారో ముందే స్పష్టంగా రాయడం కూడా ఒక సమాచారమే. అది డాక్టరు ఇంట్లోవాళ్లకు చేరాల్సిన సమాచారం.

అసలు ఈ వ్యవహారంలో ‘సమాచారం’, ‘అండ’ అని రెండు వేర్వేరు ఫైళ్లు పెట్టడం దగ్గరే లెక్క తప్పుతుంది. పీపీఈ కిట్ వేసుకుని ఆరు గంటలు ఉండటమంటే ఏమిటో హైదరాబాద్ మే ఎండల్లో చేసినవాళ్లకు తెలుసు. నీళ్లు తాగకూడదు, బాత్రూంకు పోకూడదు, కళ్లద్దాలు ఆవిరి పట్టి రోగి చేతిలో నరం కూడా కనబడదు. కిట్ వేసుకోవడం కన్నా విప్పడం ప్రమాదం. బయటి వైపు అంటిన వైరస్ చేతికి తగిలేది అప్పుడే. ఎంతో ఏకాగ్రత కావాల్సిన ఆ పనిని డ్యూటీ చివర, ఒంట్లో సత్తువంతా అయిపోయాక చేయాలి. నిద్ర లేని మనిషికి కొత్త డోసు లెక్క తలకెక్కదు. అద్దె ఇంటి ఓనరు ఖాళీ చేయమన్న రోజున, ఇంట్లో షుగర్ ఉన్న తల్లి దగ్గరికి వెళ్లాలా వద్దా అని టెన్షన్ పడుతున్న రోజున, ఎంత మంచి నోటీసు పంపినా అది ఫోన్‌లోనే ఉండిపోతుంది.

రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా ఏకధాటిగా 12 గంటలకు మించకూడదని 1992లోనే కేంద్రం నిబంధన రాసుకుంది. మామూలు రోజుల్లోనే అది చాలా వార్డుల్లో కాగితానికే పరిమితం. మహమ్మారి వచ్చాక దాన్ని పట్టించుకోమంటే అత్యాశలా కనిపిస్తుంది. నిజానికి అప్పుడే అది ఎక్కువ అవసరం. ఎవరు ఎప్పుడు డ్యూటీ దిగుతారో వారం ముందే గోడ మీద అతికించగలిగితే, దిగాక ఉండటానికి ఒక గది, వేడి అన్నం, ఇంటికి ఫోన్ చేసుకునే తీరిక ఇవ్వగలిగితే, సగం శిక్షణా తరగతులు పెట్టినంత ఫలితం వస్తుంది.

2021 మే చివర, రెండో వేవ్ మధ్యలో, తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగారు. వార్డుల నిండా రోగులున్న వేళ సమ్మె ఏమిటని కోప్పడ్డవాళ్లున్నారు. స్టైపెండ్ పెంపు, చనిపోయిన సిబ్బంది కుటుంబాలకు పరిహారంతో పాటు వాళ్ల కోరికల్లో ఒకటి ఇది: డ్యూటీలో కొవిడ్ సోకిన వైద్య సిబ్బందికి నిమ్స్‌లో చికిత్స ఇవ్వాలి. ఆ కోరికను ఒక్కసారి ఆగి చదవాలి. ఊరందరికీ బెడ్ చూపిస్తున్నవాళ్లు, రేపు తమకు జ్వరం వస్తే తమకో బెడ్ ఉంటుందా అని అడుగుతున్నారు. ఆ భరోసా అడిగి తెచ్చుకోవాల్సింది కాదు, మొదటి రోజు డ్యూటీ ఆర్డరుతో పాటే చేతికివ్వాల్సింది.

దాడుల సంగతి వేరే చెప్పాలి. 2020 జూన్ రెండో వారంలో గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోయాక బంధువులు డ్యూటీ డాక్టరు మీద చేయి చేసుకున్నారు. జూడాలు, అంటే జూనియర్ డాక్టర్లు, రోడ్డెక్కారు. భద్రత పెంచాలని అడిగారు. దాంతో పాటు రాష్ట్రంలోని కొవిడ్ భారమంతా ఒక్క గాంధీ మీదే వేయకుండా వేరే ఆసుపత్రులకూ పంచాలని అడిగారు. వైద్యులపై దాడులకు 2008 నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టం ఉంది. 2020 ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టానికి సవరణగా ఆర్డినెన్సు తెచ్చి, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు పెట్టింది. ఆ ఆర్డినెన్సు వచ్చిన ఏడు వారాలకే గాంధీలో ఈ దాడి జరిగింది.

కారణం వార్డు తలుపు దగ్గర ఉంది. మామూలు రోజుల్లో గాంధీలో ప్రతి మంచం పక్కనా ఒక అటెండెంట్ ఉంటారు. రోగి ఆయాసం ఎలా పెరుగుతోందో కళ్లతో చూస్తుంటారు. కొవిడ్ వార్డులో ఆ మనిషికి తావు లేదు. నడిచి లోపలికి వెళ్లిన తండ్రి గురించి రెండు రోజులు ఏ కబురూ లేదు, మూడో రోజు చావు కబురు. ఆ కబురు చెప్పేది ఎవరు? లోపల ముప్పై మందిని చూస్తున్న అదే జూనియర్ డాక్టరు. రోజుకు రెండుసార్లు, ఒక నిర్ణీత వేళకు, ప్రతి కుటుంబానికీ ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంత ఉంది, ఎన్ని లీటర్లు పెట్టారు, తిన్నాడా లేదా చెప్పే మనుషులు వేరుగా ఉండాలి. వాళ్లు డాక్టర్లే కానక్కర్లేదు. చివరి సంవత్సరం విద్యార్థులు, శిక్షణ పొందిన కౌన్సెలర్లు, క్వారంటైన్‌లో ఉండి ఒంట్లో బాగానే ఉన్న సిబ్బంది చేయగలరు. గేటు దగ్గర పోలీసు ఎంత అవసరమో లోపలి నుంచి వచ్చే ఆ ఫోన్ కాల్ అంతకన్నా ఎక్కువ అవసరం.

మనసు సంగతి చెప్పుకోవడానికి డాక్టర్లు తేలిగ్గా ముందుకు రారు. ఆక్సిజన్ బెడ్ ఒకటి ఖాళీ అయితే గేటు బయట నలుగురున్నప్పుడు ఎవరిని పిలవాలన్న నిర్ణయం తీసుకున్న మనిషి, ఆ మిగతా ముగ్గురి ముఖాలను మర్చిపోలేడు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరు అందరికీ ఉంది. కానీ తన పేరు బయటపడితే కెరీర్ ఏమవుతుందో అన్న భయం డాక్టరుకు ఎక్కువ. అందుకే మొదటి పలకరింపు యూనిట్ లోపలి నుంచే రావాలి. ఆ ముగ్గురి సంగతి తెలిసిన సీనియర్ ఒకరు డ్యూటీ దిగాక పది నిమిషాలు పక్కన కూర్చోవడం ఎంతో సాయం.

సమాచారం, అండ కలిసే నడవాలనడానికి ఈ నగరంలోనే పాత సాక్ష్యం ఒకటి ఉంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఎవరి పేరు పెట్టారో ఆ రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. అంతకుముందు రెండేళ్లూ ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శినికి అతుక్కుపోలేదు. లండన్‌లో ఉన్న పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఉత్తరాల ద్వారా దారి చూపుతూ, నిరాశపడినప్పుడు వెన్ను తడుతూ వచ్చాడు. ఓడల్లో వారాల తరబడి ప్రయాణించి వచ్చే ఉత్తరాలవి. అయినా పని నడిచింది. ఆగింది ఎప్పుడంటే, కనిపెట్టిన కొద్ది వారాలకే ప్రభుత్వం ఆయన్ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసినప్పుడు. అక్కడ చేతిలోని పరిశోధన సాగలేదు. మాన్సన్ పైవాళ్లతో మాట్లాడి, 1898లో ఆయన్ను కలకత్తాకు పంపించేలా చేశాకే మిగతా సగం పూర్తయింది. జ్ఞానం అదే, మనిషీ అతనే. మధ్యలో తేడా ఒక్క ఆర్డరు.

దీన్నంతా చేసి చూడటానికి ఇంకో మహమ్మారి కోసం కాచుకోనక్కర్లేదు. ఏటా వానాకాలంలో డెంగీ వస్తుంది, నల్లకుంటలో ఓపీ క్యూ గేటు దాటుతుంది. అందులోనూ పేరు చేరి షరతు చేరని మాటలే. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు పదివేలకు పడిపోతే తప్ప ఎక్కించనక్కర్లేదని మార్గదర్శకాలు చెబుతాయి. వేళకు సరిపడా ద్రవాలు ఇవ్వడమే అసలు వైద్యం. జ్వరానికి బ్రూఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. కానీ బస్తీలో అందరి నోటా నలిగేది ప్లేట్‌లెట్ అంకె ఒక్కటే. ఈ నాలుగు మాటలతో ఒకే పేజీ రాసి, తేదీ వేసి, ఫోన్ ఎత్తే మనిషి నంబరు పెట్టి, జులైలో ప్రతి బస్తీ దవాఖానాకూ, ప్రతి షట్టరు క్లినిక్‌కూ పంపవచ్చు. ఆగస్టులో ఎవరో ఒకరు మలక్‌పేట వెళ్లి, ఆ కాగితం డాక్టరు బల్ల మీదకు వచ్చిందో లేదో, వస్తే ఆయన చదివాడో లేదో, ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరైనా పలికారో లేదో అడిగి రావాలి.